రోగం ముదిరిందా, మందు చేసిందా? మానసిక రోగులకు మందులు వేసే నర్సులకు

భ్రమలు, ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్ మొదలుపెట్టిన మూడో రోజు రోగి మంచం మీద రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోతాడు. లేచి వరండాలో అటూ ఇటూ తిరుగుతాడు. నిలబడ్డా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూనే ఉంటాడు. కేస్ షీట్‌లో ‘గొడవ చేస్తున్నాడు, నిద్ర లేదు’ అని పడుతుంది. రాత్రి డ్యూటీ డాక్టర్ ఆ ఒక్క ముక్క చదివి ఇంకో 5 మి.గ్రా. ఇంజక్షన్ రాస్తారు. తెల్లారేసరికి రోగి అవస్థ రెట్టింపవుతుంది. అతన్ని నిలవనీయకుండా చేస్తున్నది మందు. దీన్ని అకతీసియా అంటారు. ‘గొడవ’ అనే మాటకు బదులు ‘కాళ్లలో ఏదో పాకినట్టుందంటున్నాడు, కూర్చోలేకపోతున్నాడు, మాట మాత్రం తిన్నగానే ఉంది’ అని రాసి ఉంటే ఆ రెండో ఇంజక్షన్ పడేది కాదు.

మానసిక వైద్యంలో మందుల దుష్ఫలితాలు చాలావరకు జబ్బు లక్షణాల్లాగే కనబడతాయి. ముభావంగా ఉండటం, తిరగడం, తికమకపడటం, తిండి మానేయడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏదైనా అటు జబ్బు వల్లా రావచ్చు, ఇటు మందు వల్లా రావచ్చు. డాక్టర్ రోగిని రౌండ్స్‌లో అయిదు నిమిషాలు చూస్తారు. మిగతా సమయమంతా చూసేది నర్సు. కాబట్టి ఈ తేడా ముందు పట్టుకోవలసింది నర్సే. మోతాదు మార్చడం, మందు ఆపడం డాక్టర్ నిర్ణయం. కానీ అనుమానం వచ్చినప్పుడు తర్వాతి డోసు వెయ్యకుండా చేతిలో పట్టుకుని డాక్టర్‌కు ఫోన్ చెయ్యడం నర్సు పని. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటి మాత్రకు ముందు

మందు వేశాక ఏం మారిందో తెలియాలంటే, వెయ్యకముందు ఎలా ఉందో రాసి ఉండాలి. చాలా వార్డుల్లో తప్పిపోయేది ఇదే.

బరువు, నడుం చుట్టుకొలత తీసుకోండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే అప్పటికే షుగరు, గుండె జబ్బుల ముప్పు ఉన్నట్టు లెక్క. అలాంటివారికి బరువు, షుగరు పెంచే ఒలాంజపిన్, క్లోజపిన్ మొదలుపెడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. బీపీ మూడుసార్లు చూడాలి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మళ్లీ మూడో నిమిషానికి ఇంకోసారి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ రోగి రాత్రి బాత్రూంకు లేచినప్పుడు కిందపడే అవకాశం ఉంది. పరగడుపు షుగర్, కొవ్వులు, క్రియాటినిన్, లివర్ పరీక్ష, ఈసీజీ డాక్టర్ రాసినవి రాసినట్టు అయ్యాయో లేదో చూడండి. ఈసీజీలో క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకుని విద్యుత్‌పరంగా తేరుకునే వ్యవధి) 500 మిల్లీసెకన్లు దాటితే హాలోపెరిడాల్ లాంటి మందు వెయ్యకముందే డాక్టర్‌కు తెలియాలి.

ఇక అడిగి తెలుసుకోవలసినవి. విరోచనం రోజూ అవుతుందా? స్త్రీ అయితే ఆఖరి నెలసరి ఎప్పుడు? బీడీ, సిగరెట్ రోజుకు ఎన్ని? మందు, కల్లు ఆఖరిసారి ఎప్పుడు తాగారు? బీపీకి, కీళ్ల నొప్పులకు ఏ మాత్రలు వాడుతున్నారు? ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, ఆయుర్వేదం పేరుతో తెచ్చుకున్నవీ విడిగా అడగాలి. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే అవి లెక్కలోకి రావు. చివరగా నాలుక బయటపెట్టించి, రెండు చేతులూ చాపించి చూడండి. ఇప్పటికే వణుకో, నోటి కదలికలో ఉంటే ఈ రోజు తేదీతో రాసి పెట్టండి.

మాత్ర మింగించడం

మానసిక వార్డులో రోగులు మంచానికి అతుక్కుని ఉండరు. ఒకరి మంచం మీద ఇంకొకరు కూర్చుంటారు, లక్ష్మి పేరుతో ముగ్గురుంటారు. పిలిస్తే పలికినంత మాత్రాన మనిషి అతనే అనుకోవద్దు. ‘మీ పేరేంటి? మీ నాన్నగారి పేరేంటి?’ అని వారి నోటితోనే చెప్పించి, ఐపీ నంబరు, వీలుంటే కేస్ షీట్‌లో ఫొటో సరిచూసుకోండి.

ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వండి. గుంపులో ఇవ్వొద్దు. మాత్ర పేరు, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి, మీ కళ్ల ముందే వేసుకోనివ్వండి. కనీసం సగం గ్లాసు నీళ్లు తాగించండి. మింగాక ఒకటి రెండు మాటలు మాట్లాడించండి. దవడలో మాత్ర పెట్టుకున్నవారి మాట తేడాగా వస్తుంది. తర్వాత నోరు తెరిపించి నాలుక కింద, చిగురుకు దవడకు మధ్య, పై పెదవి లోపల చూడాలి. వెంటనే బాత్రూంకు వెళ్లనివ్వకుండా పది పదిహేను నిమిషాలు ఎదుటే కూర్చోబెట్టండి. ఇదంతా దొంగను సోదా చేసినట్టు కాకుండా, ‘అమ్మా, ఒక్కసారి నాలుక పైకెత్తండి, అంటుకుపోయిందేమో చూస్తాను’ అన్నట్టు ఉండాలి.

దాచిన మాత్రలతో రెండు ప్రమాదాలున్నాయి. మోతాదు చాలలేదనుకుని డాక్టర్ పెంచుకుంటూ పోతారు, ఏదో ఒక రోజు రోగి అవన్నీ నిజంగా మింగడం మొదలుపెట్టేసరికి ఒక్కసారిగా మగతలోకి జారుకుంటాడు. రెండోది, దాచి పోగేసినవి ఒకేసారి మింగడం. అందుకే వారానికోసారైనా దిండు గలీబు, పరుపు కింద చూడాలి. దాస్తున్నారని తెలిస్తే కోప్పడకుండా కారణం అడగండి. సగం మంది గొంతులో అడ్డుపడుతోందనో, లావవుతున్నామనో, మగతనం తగ్గిందనో చెబుతారు. ఒలాంజపిన్, రిస్పెరిడోన్, క్లోనజెపామ్ నోట్లో కరిగిపోయే మాత్రలుగా దొరుకుతాయి. డాక్టర్‌ను అడిగి మార్పించవచ్చు. చేతులు తడిగా ఉంటే ఈ మాత్రలు వేళ్లకే కరిగిపోతాయి. పొడి చేత్తో రేకు వెనక కాగితం లాగి తియ్యాలి, నొక్కి తియ్యకూడదు.

పేరు చివర ఎస్‌ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉన్న మాత్రలను నూరడం, విరగ్గొట్టడం చెయ్యొద్దు. రోజంతా నెమ్మదిగా విడుదల కావలసిన మందు ఒక్క గంటలో రక్తంలో కలుస్తుంది. కొన్నింటికి మధ్యలో గీత ఉంటుంది, అలాంటివాటిని ఫార్మసిస్టును అడిగి ఆ గీత దగ్గర మాత్రమే విరవాలి.

మెడ, కళ్లు, నాలుక, కాళ్లు

యాంటీసైకోటిక్ మందు (హాలోపెరిడాల్, ఒలాంజపిన్ లాంటిది) మొదలుపెట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు కుర్రవాళ్లకు హాలోపెరిడాల్ ఇంజక్షన్ పడ్డాక, మెడ ఒక పక్కకు తిరిగి పట్టేయవచ్చు. కనుగుడ్లు పైకి వెళ్లి అక్కడే నిలిచిపోవచ్చు, నాలుక బయటికి వచ్చి మందంగా మారవచ్చు, నడుం విల్లులా వంగవచ్చు. దీని పేరు డిస్టోనియా. చూసేవారికి భయం వేస్తుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, ఇంజక్షన్ వికటించింది ఇక బతకడనుకుంటారు. రోగి అంతసేపూ పూర్తి స్పృహలో ఉంటాడు, నొప్పి భరిస్తుంటాడు. ముందు అతనికే చెప్పండి, ‘ఇది మందు వల్ల వచ్చింది బాబూ, ఇప్పుడు ఇంజక్షన్ ఇస్తాం, అరగంటలో వదిలేస్తుంది.’ ప్రోమెథజిన్ 25 నుంచి 50 మి.గ్రా. కండరంలోకి లోతుగా ఇవ్వడం మన దగ్గర వాడుక. దాన్ని చర్మం కిందికి ఇవ్వకూడదు, ధమనిలోకి అసలే వెళ్లకూడదు, కణజాలం చచ్చిపోతుంది. గొంతు బిగుసుకుపోయి శ్వాసలో శబ్దం వస్తుంటే అది అత్యవసరం. ఆక్సిజన్ పెట్టి డాక్టర్‌ను పరుగున పిలిపించండి. తగ్గిన కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కాబట్టి తర్వాత కొన్ని రోజులు ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర రాస్తారు.

ఆ మాత్ర గురించి ఒక మాట. దాన్ని ఉదయం, మధ్యాహ్నం ఇస్తే మంచిది, రాత్రి ఇస్తే నిద్ర పట్టదు. కొందరికి అది హుషారునిస్తుంది. ‘సిస్టర్, ఆ చిన్న తెల్ల మాత్ర ఇంకోటివ్వండి’ అని అడుగుతుంటే రాసి పెట్టండి. వయసు మళ్లినవారిలో అదే మాత్ర మూత్రం బిగబట్టేస్తుంది, మలబద్ధకం తెస్తుంది, తికమక పుట్టిస్తుంది. ఆ తికమకను చూసి జబ్బు పెరిగిందని మళ్లీ యాంటీసైకోటిక్ పెంచడం వార్డుల్లో తరచు జరిగే పొరపాటు.

అకతీసియా సంగతి మొదట్లోనే వచ్చింది. తేడా పట్టుకోవడానికి ఒకటే ప్రశ్న అడగండి, ‘మీకు తిరగాలని ఉందా, తిరగకుండా ఉండలేకపోతున్నారా?’ జబ్బు వల్ల తిరిగేవాడికి ఏదో కారణం ఉంటుంది, ఎవరో తరుముతున్నారనో, పిలుస్తున్నారనో చెబుతాడు. మందు వల్ల తిరిగేవాడు ‘కూర్చుంటే కాళ్లు లాగేస్తున్నాయి’ అంటాడు. ఈ బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించేవారూ ఉంటారు. చిన్న దుష్ఫలితమని తీసిపారేయకండి. మోతాదు తగ్గించడం, ప్రొప్రనలాల్ ఇవ్వడం డాక్టర్ చేస్తారు. ప్రొప్రనలాల్ ఇచ్చే ముందు పల్స్ చూడాలి, ఆయాసం జబ్బు ఉందేమో అడగాలి.

వారాలు గడిచాక ముఖంలో కళ తప్పడం, చేతులు ఊపకుండా చిన్న చిన్న అడుగులు వెయ్యడం, అన్నం కలపడానికి అరగంట పట్టడం మొదలవుతాయి. ఇంటివాళ్లు ‘నెమ్మదించాడు, గొడవ లేదు’ అని సంతోషిస్తారు. నర్సు కూడా అలాగే అనుకుంటే రోగికి అన్యాయం జరుగుతుంది. అది పార్కిన్సనిజం, డిప్రెషన్ కూడా అలాగే కనిపిస్తుంది. మణికట్టు పట్టుకుని మోచేతిని మడిచి చాపండి. పళ్ల చక్రం తిరిగినట్టు ఆగి ఆగి కదిలితే మందు వల్లే అనుకోవచ్చు. నెలలు, ఏళ్లు వాడినవారిలో పెదవులు చప్పరించడం, నాలుక తిప్పడం కనిపిస్తే అది టార్డివ్ డిస్కినీసియా. పూర్తిగా పోకపోవచ్చు కాబట్టి మొదట్లోనే పట్టుకోవాలి. ఆరు నెలలకోసారి కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, నోరు, చేతులు, కాలివేళ్లు చూసి రాయాలి.

జ్వరం వచ్చి బిగుసుకుపోతే

యాంటీసైకోటిక్ వాడుతున్నవారికి జ్వరం, కర్రలా బిగుసుకున్న ఒళ్లు, చెమటలు, తికమక కలిసి వస్తే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనుకుని నడుచుకోవాలి. ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మోతాదు త్వరగా పెంచినప్పుడు, ఒంట్లో నీళ్లు తగ్గినవారికి వస్తుంది. మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయిన రోగిని చూసి ‘కాటటోనియా పెరిగింది’ అనుకోవడం ఇక్కడ ప్రాణాంతకమైన పొరపాటు. జబ్బు వల్ల మాటా కదలికా ఆగిపోయే స్థితి కాటటోనియా, అందులో కూడా బిగుసుకుపోతారు. అందుకే మాట్లాడని ప్రతి రోగికీ రోజూ మూడుసార్లు టెంపరేచర్ చూడాలి.

చేయవలసినవి ఇవి. యాంటీసైకోటిక్ తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ను పిలవండి. తడిబట్టతో ఒళ్లు తుడవండి, ఫ్యాను పెట్టండి, సెలైన్‌కు లైను సిద్ధం చెయ్యండి. బీపీ, పల్స్, ఆక్సిజన్ పదిహేను నిమిషాలకోసారి చూడండి. మూత్రం గోధుమ రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీ మీద పడుతోందని అర్థం, ఎంత వచ్చిందో కొలిచి రాయండి. సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది), క్రియాటినిన్ పంపిస్తారు. సీపీకే కండరానికి ఇంజక్షన్ ఇచ్చినా కొంత పెరుగుతుంది, కాబట్టి ఆఖరి ఇంజక్షన్ ఎప్పుడు పడిందో ఫారం మీద రాయడం మరవొద్దు. ఐసీయూ లేని ఆసుపత్రి అయితే పంపించడంలో ఆలస్యం చెయ్యకూడదు.

లిథియం

అతి ఉత్సాహం (మేనియా), డిప్రెషన్ మారి మారి వచ్చే జబ్బుకు ఇది మంచి మందు. సరైన మోతాదుకు, విషానికి మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విష లక్షణాలు మొదలవుతాయి, 2 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. వయసు మళ్లినవారికి, ఎంతోకాలంగా వాడుతున్నవారికి రిపోర్టు మామూలుగా ఉన్నా విష లక్షణాలు రావచ్చు. అంకెకన్నా మనిషిని చూడండి.

రక్తం తియ్యడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆఖరి డోసు వేసిన 12 గంటలకు తియ్యాలి. రాత్రి 9కి మాత్ర వేస్తే ఉదయం 9కి రక్తం తీసి, ఆ తర్వాతే ఉదయం మాత్ర వెయ్యాలి. మాత్ర వేసిన రెండు గంటలకు తీస్తే అంకె ఎక్కువ వస్తుంది, డాక్టర్ అనవసరంగా మోతాదు తగ్గిస్తారు, నెలలోపు రోగికి మళ్లీ మేనియా వస్తుంది. ఆకుపచ్చ మూత గొట్టాల్లో కొన్నింట్లో లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో తీస్తే రక్తంలో లేని లిథియం రిపోర్టులో కనబడుతుంది. మామూలు ఎర్ర మూత గొట్టమే వాడండి. మోతాదు మార్చాక అయిదు నుంచి ఏడు రోజులకు పరీక్ష, ఆపైన డాక్టర్ చెప్పినప్పుడల్లా. థైరాయిడ్, క్రియాటినిన్, కాల్షియం ఆరు నెలలకోసారి.

వేళ్ల చివర సన్నటి వణుకు, దాహం, మూత్రం ఎక్కువ పోవడం మామూలు మోతాదులోనూ ఉంటాయి. సన్నటి వణుకు పెద్ద వణుకుగా మారి గ్లాసులో నీళ్లు ఒలికిపోతుంటే, నడక తూలుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, వాంతులు విరేచనాలు పట్టుకుంటే అది విషమే. తాగి వచ్చినవాడిలా కనిపిస్తాడు. వాసన చూసి లేదని తేలాక ‘నటిస్తున్నాడు’ అనేస్తారు కొందరు. తర్వాతి డోసు ఆపండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి, లిథియం, క్రియాటినిన్, సోడియం, పొటాషియంలకు రక్తం, ఈసీజీ. సెలైన్ పెడతారు, మరీ ఎక్కువగా ఉంటే డయాలసిస్ అవసరమవుతుంది. మూత్రం ఎక్కువ పోతే లిథియం పోతుందని ఎవరైనా లాసిక్స్ ఇవ్వబోతే వారించండి. ఒంట్లో ఉప్పు తగ్గేకొద్దీ కిడ్నీ లిథియాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది.

అదే కారణంగా మన ఎండాకాలం లిథియం రోగులకు గడ్డుకాలం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో పొలం పనికి, ఇటుక బట్టీకి వెళ్లేవారు చెమట రూపంలో ఉప్పు, నీళ్లు రెండూ పోగొట్టుకుంటారు, మోతాదు మార్చకుండానే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు తాగమని, ఉప్పు వేసిన మజ్జిగ తాగమని, వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఆ పూట మాత్ర ఆపి ఓఆర్‌ఎస్ తాగుతూ ఆసుపత్రికి రమ్మని చెప్పండి. బీపీ ఉందని ఒక్కసారిగా చప్పిడి తిండికి మారితే కూడా ఇదే ప్రమాదం. ఒంటిపూట ఉపవాసాలు, నీళ్లు కూడా తాగని ఉపవాసాలు ఉంటే ముందే చెప్పమనండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లిథియాన్ని పెంచుతాయి, పారాసెటమాల్ ఫర్వాలేదు. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పెంచేవే. ఎవరు ఏ మందు రాసినా ‘నేను లిథియం వాడుతున్నాను’ అని చెప్పమనండి.

క్లోజపిన్

మిగతా యాంటీసైకోటిక్ మందులు పని చెయ్యనివారికి ఇది ఆఖరి దారి, కొందరికి బతుకు తిరిగి ఇచ్చిన మందు. దానికి తగ్గ కాపలా కావాలి.

12.5 మి.గ్రా.తో మొదలవుతుంది. మొదటి మాత్ర తర్వాత ఆరు గంటలపాటు గంటకోసారి బీపీ, పల్స్, టెంపరేచర్. 48 గంటలకు మించి మందు మానేసినవారు పాత మోతాదు వేసుకోకూడదు, మళ్లీ 12.5 దగ్గర మొదలుపెట్టాలి. ‘నాలుగు రోజులు ఊరెళ్లాను, మాత్రలు మరిచిపోయాను’ అంటూ వచ్చినవారికి చార్టులో ఉంది కదా అని 300 మి.గ్రా. వేస్తే బీపీ కుప్పకూలుతుంది, ఫిట్స్ రావచ్చు.

ఈ మందు తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు కాబట్టి మొదటి 18 వారాలు వారానికోసారి రక్త పరీక్ష. తర్వాత నెలకోసారి, లేదా డాక్టర్ చెప్పిన గడువుకు. రిపోర్టులో తెల్లకణాలు మామూలుగా ఉన్నాయన్న మాట చాలదు, వాటిలో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ లెక్క వెయ్యాలి. ఉదాహరణకు మొత్తం 4,000, న్యూట్రోఫిల్స్ 35 శాతం. ల్యాబ్ ఆ 4,000 పక్కన ఎర్ర గుర్తు కూడా పెట్టదు. లెక్కిస్తే 4,000లో 35 శాతం 1,400. అది 1,500 కన్నా తక్కువ. మాత్ర ఆపి డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలి. పరీక్ష రోజు కాకపోయినా జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే అదే రోజు రక్తం పంపాలి. మొదటి నెలలో పల్స్ ఆగకుండా పరుగెత్తుతూ, ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం ఉంటే గుండె కండరం వాచిందేమో చూడాలి. ‘గాభరా’ అని రాసి వదిలేయొద్దు.

అందరూ కణాల గురించే భయపడతారు. మలబద్ధకం వల్ల పేగు ఆగిపోయి పోయేవారూ ఉన్నారని మరవకండి. క్లోజపిన్ రోగి చార్టులో విరోచనం గడి రోజూ నింపాలి. ‘అయింది’ అన్న రోగి మాటతో పాటు ఎలా అయిందో అడగండి. రెండు రోజులు కాకపోతే డాక్టర్‌కు చెప్పాలి, పొట్ట ఉబ్బి వాంతి అయితే అత్యవసరం. ఇసబ్‌గోల్ లాంటి పొట్టు మందు ఇక్కడ పనికిరాదు, కదలని పేగులో అది ఇంకా గట్టిపడుతుంది. సెన్నా, బిసాకోడిల్, లాక్టులోజ్ వాడతారు. రాత్రి చొంగ కారి దిండు తడిసిపోతుంది. పక్కకు తిరిగి పడుకోమనండి, దిండు మీద తువ్వాలు వెయ్యండి. నిద్రలో పొలమారుతుంటే రాయండి.

బీడీ, సిగరెట్ సంగతి ఎక్కువమందికి తెలియదు. పొగలోని రసాయనాలు లివర్ చేత క్లోజపిన్‌ను, కొంతవరకు ఒలాంజపిన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తాయి. బయట రోజుకు కట్ట బీడీలు తాగేవాడు వార్డులో చేరి మానేస్తే అదే మోతాదుకు వారంలో రక్తంలో మందు బాగా పెరుగుతుంది. మగత, చొంగ, తూలడం ఎక్కువవుతాయి. ఇంటికి వెళ్లి మళ్లీ మొదలుపెడితే మందు చాలక జబ్బు తిరగబెడుతుంది. పని చేసేది పొగే, నికోటిన్ కాదు. అందుకని గుట్కా, ఖైనీ, నికోటిన్ గమ్ ఆ లోటు తీర్చవు. చేర్చుకున్న రోజు ఎన్ని బీడీలో రాయమన్నది ఇందుకే.

ఇంజక్షన్లు

రెండు నాలుగు వారాలకోసారి ఇచ్చే యాంటీసైకోటిక్ ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ నువ్వుల నూనెలో ఉంటుంది. నువ్వులు పడనివారా అని అడగండి. సిరంజి, సూది పూర్తిగా పొడిగా ఉండాలి, తడి తగిలితే మందు తెల్లబడుతుంది. 21 గేజి, ఒకటిన్నర అంగుళం సూది. పిరుదు పై బయటి భాగంలో చర్మాన్ని రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు లాగి పట్టుకుని, నిటారుగా గుచ్చి, రక్తం రాలేదని చూసి, మిల్లీలీటరుకు పది సెకన్ల చొప్పున నెమ్మదిగా ఎక్కించండి. పది సెకన్లు ఆగి సూది తీశాకే చర్మం వదలండి. రుద్దొద్దు, రుద్దితే నూనె పైకి వచ్చి గడ్డ కడుతుంది. ఏ వైపు ఇచ్చారో రాసి వచ్చేసారి రెండో వైపు ఇవ్వండి. తర్వాతి తేదీ రోగి చేతిలో కాగితం మీద, ఇంటివారి ఫోన్‌లో రెండుచోట్లా ఉండాలి.

హింసాత్మకంగా ఉన్న రోగికి ముందు మాటలతోనే ప్రయత్నించాలి. ఇంజక్షన్ తప్పనప్పుడు మన దేశంలో హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కలిపి కండరంలోకి ఇవ్వడం బాగా స్థిరపడిన పద్ధతి, వెల్లూరులో చేసిన పరీక్షల్లోనూ అది నిలిచింది. ఒలాంజపిన్ ఇంజక్షన్ ఇచ్చిన గంటలోపు లోరజెపామ్ ఇంజక్షన్ ఇవ్వొద్దు, శ్వాస, బీపీ రెండూ పడిపోతాయి. లోరజెపామ్ ఫ్రిజ్‌లో ఉంచాలి. డైజెపామ్ కండరంలోకి ఇస్తే ఎప్పుడు ఎంత ఎక్కుతుందో చెప్పలేం.

ఇంజక్షన్ పడి రోగి నిద్రపోగానే అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. నిజానికి ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మొదటి గంట పదిహేను నిమిషాలకోసారి, తర్వాత మెలకువ వచ్చి నడిచేవరకు అరగంటకోసారి శ్వాస లెక్క, ఆక్సిజన్, పల్స్, బీపీ. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కట్టేయాల్సి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తక్షణ హాని ఆపడానికి మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రాసి కట్టాలి. 24 గంటల్లో రోగి తరఫున నియమితుడైన ప్రతినిధికి తెలపాలి. సిబ్బంది చాలడం లేదన్నది కారణం కాదు. గొలుసులు ఏ రూపంలోనూ పూర్తిగా నిషేధం.

డిప్రెషన్ మందులు, మిగతావి

ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ముందుగా ఒంట్లో ఓపిక వస్తుంది, మనసులో నిరాశ ఆ తర్వాత తగ్గుతుంది. ఆ మధ్య రోజులే ప్రమాదం, ముఖ్యంగా పాతికేళ్లలోపువారికి. నిన్నటిదాకా లేవనివాడు ఇవాళ స్నానం చేసి కూర్చుంటే సంతోషించండి, కాపలా మాత్రం తగ్గించకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు ఎక్కువ మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది, ఆత్మహత్య ఆలోచన ఉన్న రోగికి వారానికి మించి ఆ మాత్రలు ఇవ్వకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

పెద్ద వయసువారికి ఈ మందులు మొదలైన మొదటి నెలలో నీరసం, తికమక, తూలిపడటం వస్తే ‘వయసు’ అనుకోకుండా, రక్తంలో సోడియం తగ్గిందేమో చూడమని పరీక్ష అడగండి. నొప్పికి ట్రమడాల్ తోడైతే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, విరేచనాలు, జ్వరం రావచ్చు, పాదం ముందు భాగాన్ని ఒక్కసారిగా పైకి తోస్తే పాదం తనంతట తానే కొట్టుకుంటుంది. అది సెరొటోనిన్ సిండ్రోమ్, రెండు మందులూ ఆపాలి.

మూడ్ నిలకడకు, ఫిట్స్‌కు ఇచ్చే లామోట్రిజిన్, కార్బమజెపిన్ వాడేవారికి దద్దుర్లు వస్తే, అందులోనూ నోటిలో, కళ్లలో పుండ్లు ఉంటే ఆ పూటే మందు ఆపి డాక్టర్‌ను పిలవాలి. అందుకే వాడే సోడియం వాల్ప్రోయేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. పెళ్లి కుదిరిన అమ్మాయి చీటీలో అది కనిపిస్తే డాక్టర్ దృష్టికి తీసుకెళ్లండి, అమ్మాయితో విడిగా మాట్లాడండి. వాల్ప్రోయేట్ వేశాక మత్తుగా పడి ఉంటే రక్తంలో అమ్మోనియా చూడమని అడగవచ్చు.

మద్యం, కల్లు

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపి పెట్టడం మన ఇళ్లలో జరుగుతోంది. భార్యలు, తల్లులు నిస్సహాయంగా చేస్తున్న పని అది, వారిని నిందించకుండా ప్రమాదం చెప్పాలి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె ఆగవచ్చు. తాగినవాడికి తెలియకపోతే ఇంకా తాగుతాడు. ఆఖరిసారి తాగి కనీసం 12 గంటలు దాటాక, రోగి ఒప్పుకుంటేనే ఇవ్వాలి. మాత్ర మానేసినా రెండు వారాలవరకు ఈ ప్రతిచర్య రావచ్చు. మద్యం మానిపించే రోగికి గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్ (విటమిన్ బి1) వెళ్లాలి.

తెలంగాణలో కల్తీకల్లు తాగేవారి సంగతి విడిగా చూడాలి. అందులో అల్ప్రజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. కల్లు దొరకని రెండో మూడో రోజున, డైజెపామ్ అయితే వారం దాకా కూడా, వణుకు, నిద్రలేమి, వెర్రిచూపులు, ఫిట్స్ మొదలవుతాయి. ‘సారా కాదమ్మా, ఉత్త కల్లే’ అని ఇంటివారు చెప్పినా లెక్కలో తీసుకోండి. కొత్తగా పిచ్చి పట్టిందని వచ్చే కేసుల్లో ఇవీ ఉంటాయి. యాంటీసైకోటిక్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ ఆగవు.

డిశ్చార్జి రోజు

మందులు సంచిలో వేసి పంపించకండి. ఒక్కో మాత్ర చేత్తో చూపించి, ఏ పూట, ఎన్ని, తిన్నాకా ముందా అని చెప్పి, రోగి చేతే, ఇంటివారి చేతే తిరిగి చెప్పించండి. చదువు రానివారికి కవర్ మీద సూర్యుడు, చంద్రుడు గీస్తే సరిపోతుంది. డోసు మరిచిపోతే రెండోసారి రెండు కలిపి వేసుకోవద్దని చెప్పండి. డిప్రెషన్ మాత్రలు, నిద్రమాత్రలు ఒక్కసారిగా మానేస్తే కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టుండటం, నిద్రమాత్రలకైతే ఫిట్స్ కూడా వస్తాయని చెప్పండి. మాత్రలు ఎవరి దగ్గరుండాలో పేరు పెట్టి తేల్చండి. ఆత్మహత్య ఆలోచన ఉన్నవారి మాత్రల డబ్బా, ఇంట్లోని పురుగుమందు డబ్బా రెండూ తాళం వెయ్యాలి, తాళంచెవి ఒకే మనిషి దగ్గరుండాలి.

మగతనం తగ్గడం, నెలసరి ఆగిపోవడం, రొమ్ములో పాలు రావడం రిస్పెరిడోన్ లాంటి మందుల వల్ల జరుగుతుంది. అత్తగారి ముందు కోడలు ఆ మాట చెప్పదు, తల్లి ముందు కొడుకూ చెప్పడు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మీరే ముందు అడగండి. అడగనివారే మూడో నెలలో మందు మానేసి తిరిగి వస్తారు.

ఆసుపత్రి ఫోన్ నంబరుతో పాటు 14416 కూడా రాసివ్వండి. ఇది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మెడ పట్టేయడం, జ్వరంతో బిగుసుకుపోవడం, తూలుడు, క్లోజపిన్ రోగికి గొంతునొప్పి, మూడు రోజులు విరోచనం కాకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, ఈ ఆరింటికి ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా దగ్గర్లోని ఆసుపత్రికి మందుల చీటీ తీసుకుని వెళ్లమని ఆ కాగితం వెనకే పెద్ద అక్షరాలతో రాయండి.